పిల్లి ముట్టని లడ్డూ

నా చిన్నప్పుడు మేం దోహాలో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ వైపు ఒక పాత విల్లాలో ఉండేవాళ్లం. విల్లా అనగానే ఏదో ఊహించుకోకండి. గదికొక కుటుంబం చొప్పున సర్దుకున్న ఇల్లది. మా వాటాకు వెనకవైపు గది, దానికి అతికించినట్టు ఒక వంటిల్లు, బయట కాస్త జాగా వచ్చాయి. ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కి ఇంకా కొన్నేళ్లుంది గానీ ఊరంతా అప్పటికే తవ్వి పోసి ఉండేది. పొద్దున బడికి వెళ్లిన దారి మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి మూసేసి ఉండేది. మా నాన్న స్టేడియం పనిలో వెల్డర్. డ్యూటీ నుంచి వచ్చి చొక్కా దులిపితే గుమ్మంలో ఇసుక రాలేది. జగిత్యాల దగ్గర ఊళ్లో ఉన్న మా నానమ్మ మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా "దుబాయ్‌ల అందరు మంచిగున్నరా?" అనే అడిగేది.

మా గోడకు అవతల ఒక ముసలి అరబ్బు పెద్దాయన ఇల్లుండేది. అందరం ఆయన్ని బాబా అనేవాళ్లం. భార్య పోయాక ఆయనకు పక్షులే లోకమైపోయాయి. పెరట్లో ఒక గదంత జాలీ పంజరం కట్టించి, అందులో పావురాలు, కౌజుపిట్టలు, రంగురంగుల లవ్ బర్డ్స్ పెంచేవాడు. ఆ ఇంటి డ్రైవర్ రాయచోటి నుంచి వచ్చినాయన. కారు తోలడమే కాదు, పక్షులకు మేత వేయడం కూడా ఆయన పనే. మా అమ్మను అక్కా అని పిలిచేవాడు కాబట్టి నాకు మామ. సాయంత్రం గోడలో ఉన్న చిన్న తలుపు తోసుకుని నేను వెళ్తే గింజల డబ్బా నా చేతికిచ్చేవాడు. ఆ డబ్బా చప్పుడుకు పక్షులన్నీ జాలీ దగ్గరికి వచ్చి వాలుతుంటే నాకు మహారాణినైనట్టుండేది.

అక్కడే ఏసీ పెట్టె వెనక ఒక పసుపురంగు పిల్లి పిల్లల్ని పెట్టింది. రోజూ నా పాలల్లో కొంచెం దానికి వెళ్లేవి. అమ్మకు తెలుసు, తెలియనట్టు ఊరుకునేది.

ఒకరోజు పొద్దున పంజరం తలుపు తీసి ఉంది. ఒక లవ్ బర్డ్ లేదు, నేల మీద ఆకుపచ్చ ఈకలు మాత్రం ఉన్నాయి. తలుపు వేయడం మర్చిపోయావని బాబా మామను బాగా కేకలేశాడు. మామ తల వంచుకుని విన్నాడు. ఆ సాయంత్రం నన్ను పక్కన నిలబెట్టుకుని గడియ తిప్పి, లాగి చూసి, నాతో కూడా లాగించాడు. అయినా తెల్లారేసరికి తలుపు మళ్లీ తెరిచే ఉంది. ఈసారి కౌజుపిట్టలు పోయాయి. నేల మీద రాలిన ఈకల పక్కనే మా పసుపు పిల్లి కూర్చుని మూతి నాక్కుంటోంది.

ఇంకేముంది, బాబాకు దొంగ దొరికిపోయింది. పిల్లుల్ని పట్టుకుపోయే బండిని పిలుస్తానన్నాడు. తల్లినీ పిల్లల్నీ కలిపి తీసుకుపొమ్మంటానన్నాడు. నేను అక్కడే నిలబడి బావురుమన్నాను. మామ నా ఏడుపు చూశాడు, పిల్లిని చూశాడు, ఆ తర్వాత చాలాసేపు గడియ వైపే చూశాడు.

"బాబా, షువయ్యా సబర్" అన్నాడు చివరికి. కొంచెం ఓపిక పట్టమని. ఒక్క రెండు రోజులు ఆగమని బతిమాలుకున్నాడు. బాబా విసుక్కుంటూనే సరేనన్నాడు.

ఆయన లోపలికి వెళ్లాక మామ నా పక్కన చతికిలబడ్డాడు. "ఏడ్చొద్దు పాపా. పిల్లికి గోళ్లుండాయి గానీ గడియ తిప్పేదానికి యేళ్లు యాడుండాయి? ఈ దొంగ యెవుడో మనమే చూడల్ల. పోయి మీ అమ్మ కాడ ముగ్గుపిండి తీస్కరా పో."

ఊరి నుంచి వచ్చేవాళ్లతో తెప్పించుకున్న ముగ్గుపిండి అమ్మకు ప్రాణం. గొణుక్కుంటూనే ఇచ్చింది. మామ దాన్ని పంజరం చుట్టూ పలచగా జల్లాడు. పక్షుల్ని ఆ పూటకు కారు షెడ్డులోకి మార్చి, ఖాళీ పంజరంలో ఒక గిన్నెలో చేప ముక్కలు, ఇంకో గిన్నెలో ఖర్జూరాలు పెట్టాడు. తెల్లారి వెళ్లి చూస్తే రెండు గిన్నెలూ ఖాళీ. ముగ్గుపిండి మీద మాత్రం చిన్న చిన్న చేతుల అచ్చులున్నాయి. ఐదు వేళ్లతో, అచ్చం పాకే బిడ్డ చేతుల్లా.

అమ్మ చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇది దయ్యమే" అంది.

"దయ్యానికి ఖర్జూరం యేంటికక్కా?" అన్నాడు మామ. అంత భయంలోనూ అమ్మకు నవ్వొచ్చింది.

అసలు పని అప్పుడు మొదలైంది. శుక్రవారం నాన్నకు సెలవు. బాబా ఇంటి స్టోర్‌లో మూలపడి ఉన్న కుక్క బోను బయటికి లాగి, దానికి పైనుంచి జారిపడే తలుపు ఒకటి అమర్చాడు. లోపల ఎర పీకితే తీగ వదులై తలుపు దిగుతుంది. పని చేస్తూ నాన్న "బామ్మర్దీ, స్టేడియం గేటు కన్నా దీనికే ఎక్కువ తిప్పలైంది" అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. చేప వాసనకు మా పిల్లే ముందు బోనులోకి పోతే? పొద్దున బాబా దాన్నే చూస్తే? ఆ మాటే మామను అడిగాను.

అమ్మ చేసిన బూందీ లడ్డూ ఒకటి మామ అడిగి తెచ్చి, చిన్న ముక్క విరిచి పిల్లి ముందు పెట్టాడు. పిల్లి వాసన చూసింది, మీసాలు ఆడించింది, అవమానం జరిగినట్టు మాకేసి ఓసారి చూసి వెళ్లిపోయింది.

"చూసినావా? దానికి తీపితో పని లేదు" అన్నాడు మామ. "ఆ చేతులోడు ఖర్జూరాలన్నీ నాకేసి పోయినాడు. వానికి తీపే పెడదాం. దొంగను పట్టేది పెద్ద పని కాదు పాపా. దొంగ కానిది బోన్లో పడకుండా పట్టల్ల."

లడ్డూను ఎరగా కట్టాడు. దొరికే జంతువుకు దాహం వేస్తుందని బోనులో వెడల్పాటి నీళ్ల గిన్నె కూడా పెట్టాడు.

మర్నాడు పొద్దున మామ కేకకు రెండిళ్లవాళ్లం పరిగెత్తాం. బోను తలుపు పడి ఉంది. లోపల బూడిదరంగు బొచ్చు, చారల తోక, కళ్ల చుట్టూ నల్లటి గంతలు కట్టుకున్నట్టున్న జంతువు వెనక కాళ్ల మీద కూర్చుని ఉంది. ముందు చేతులు రెండింటితో లడ్డూ పట్టుకుని నీళ్లలో ముంచి కడుగుతోంది. కడిగేకొద్దీ లడ్డూ బూందీగా విడిపోతోంది. కాసేపటికి చేతిలో ఏమీ మిగల్లేదు. అది చేతులు తిప్పి చూసుకుంది, గిన్నె అడుగు తడిమింది, మళ్లీ మా వైపు చూసింది, లడ్డూ మేమే దాచామన్నట్టు.

ముందు నవ్వింది అమ్మ. ఆ తర్వాత ఎవరూ ఆగలేకపోయారు. కర్ర పట్టుకుని వచ్చిన బాబా కూడా దాన్ని గోడకు ఆనించి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇది కుక్కనా, కోతినా, ఎలుగుబంటి పిల్లనా?" అని నాన్న ఒకటే అడుగుతున్నాడు.

బాబా పిలిపించిన పశువుల డాక్టరు చెప్పాకే దాని పేరు రకూన్ అని మాకు తెలిసింది. అమెరికా అడవుల్లో తిరిగే జంతువట. మెడ చుట్టూ బొచ్చు అరిగి ఉంటే చూపించి, పట్టీ కట్టి ఎవరో ముచ్చటకు పెంచుకున్నారని, వదిలేస్తేనో తప్పించుకునో ఇలా తిరుగుతోందని అన్నాడు. మా వీధి చివర మెట్రో కోసం ఖాళీ చేయించిన ఇళ్లలో కాపురం పెట్టి ఉంటుంది. డాక్టరు మాట్లాడుతుండగానే అది జాలీలోంచి చేయి చాపి బాబా వేలు పట్టుకుంది. ఆయన వేలు వెనక్కి లాక్కోలేదు. పక్షుల కోసం అంత కోపంగా ఉన్న మనిషి, దాన్ని ఎక్కడికి పంపుతారు, అక్కడ సరిగ్గా చూస్తారా అని డాక్టర్ని పదేపదే అడిగాడు. జంతువుల్ని సాకే ఒక ఫామ్‌కి పంపిస్తామని ఆయన మాటిచ్చాడు.

రకూన్‌ని ఎక్కించుకుని ఫామ్ బండి వెళ్లిపోయాక బాబా ఇంట్లోకి వెళ్లి చేపల డబ్బా ఒకటి తెచ్చాడు. మోకాళ్లు పట్టుకుని కష్టంగా వంగి, ఏసీ పెట్టె దగ్గర మా పిల్లి ముందు పెట్టాడు. తర్వాత మామ భుజం మీద చేయి వేసి, రెండో చేయి తన గుండె మీద పెట్టుకుని అరబ్బీలో మెల్లగా ఏదో అన్నాడు. మామ కళ్లు తుడుచుకున్నాడు. ఏమన్నాడని అడిగితే "తలుపు నువ్వు ఏసినావు, నేనే నమ్మలా అంటాండాడు" అని చెప్పాడు.

ఇప్పుడు నేను బడిలో పాఠాలు చెప్తున్నాను. క్లాసులో పెన్నో కంపాస్ బాక్సో పోవడం, వెంటనే పిల్లలందరి వేళ్లూ ఒకడి వైపే తిరగడం మామూలే. పొద్దున్నే ఈకల పక్కన కనిపించిన ఆ పిల్లిలాంటి వాడు ప్రతి క్లాసులోనూ ఒకడుంటాడు. వాడి సంచి తెరవమని నేనెప్పుడూ అనను. దగ్గరికి పిలిచి, "రా నాన్నా, పోయినదాన్ని ఇద్దరం కలిసి వెతుకుదాం" అంటాను.