సగం మునిగిన ఓడ

నా ఓడ సంగతి ఇంతవరకు ఎవరూ చివరిదాకా వినలేదు. చెప్పని చోటు లేదు. స్టాఫ్ రూములో చెప్పాను, పెండ్లి భోజనాల దగ్గర చెప్పాను. ఫ్యాక్షన్ రోజుల జ్ఞాపకాలు రాసుకోవడానికి ప్రొద్దుటూరుకు వచ్చిన ఇద్దరు విలేకరులకు కూడా చెప్పాను. సగంలోనే పెన్నుకు మూత పెట్టేసి, "బాంబుల సంగతి ఏమన్నా తెలుసా సార్?" అని అడిగారు. బాంబుల సంగతి చెప్పడానికి జిల్లా నిండా మనుషులున్నారు. నేను నాకు జరిగింది చెప్తాను. నవ్వు వచ్చేవాళ్లు ఇక్కడే పేజీ తిప్పేయవచ్చు.

నేను ప్రొద్దుటూరులో డ్రాయింగు మాస్టరుగా పనిచేశాను. మంత్రి వస్తే స్వాగతం బోర్డు నేనే రాయాలి. ఎలక్షన్లు వస్తే గోడల మీద గుర్తులు వేయాలి. ఏదో ఒక పెద్దమనిషి పుట్టినరోజుకు ఆయన ముఖం గీయాలి. మచ్చ తీసెయ్యమని ఒకడు, మీసం ఇంకాస్త దట్టంగా పెట్టమని ఇంకొకడు. ముప్ఫై ఏళ్లు నాకు గిట్టని ముఖాలకు రంగు పూశాను. ఎవరూ అడగకుండా, ఎవరికీ భయపడకుండా నేను రంగులు వేసినవి బొమ్మ ఓడలు మాత్రమే.

వాటిని పోసింది మా వీధిలోని కంసాలి మిత్రుడు. లైబ్రరీలో ఒక లావుపాటి పుస్తకంలో రెండు వందల ఏళ్ల కిందటి ఇంగ్లీషు, ఫ్రెంచి యుద్ధనౌకల బొమ్మలుండేవి. నేను కొలతలతో గీసిస్తే, అతను మట్టి అచ్చులో తగరం, సీసం కరిగించి పోసేవాడు. చూపుడు వేలంత ఓడ. స్తంభాలకు ఇత్తడి తీగ. తెరచాపలకు బంగారు అంగళ్లలో నగ చుట్టి ఇచ్చే పలుచటి గులాబి కాగితం. తాళ్లకు మగ్గాల ఇళ్లలో అడిగి తెచ్చిన పట్టుపోగు. మొదట ఓడ మొత్తానికి నల్లరంగు పూయాలి. ఆరాక పక్కలకు రెండు పసుపు పట్టీలు వేయాలి. ఫిరంగి కిటికీలు ఆవగింజ కంటే చిన్నవి. నాలుగు వెంట్రుకలు మాత్రం మిగిల్చి కత్తిరించిన కుంచెతో, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్కటే పెట్టాలి. చివర్లో నీళ్లలా పలుచన చేసిన గోధుమరంగు వదిలితే, అది గీతల సందుల్లోకి దిగి సీసం కాస్తా కొయ్యలా కనపడుతుంది. నా పెద్ద ఓడకు డెబ్భై నాలుగు ఫిరంగులు. ఎనిమిది నెలలు పట్టింది.

ఆదివారం పొద్దున కంసాలి మిత్రుడి వసారాలో నీలం గుడ్డ పరిచి ఆడేవాళ్లం. గాలి ఎటు నుంచి వీస్తుందో చీటీ తీసి నిర్ణయిస్తాం. గాలితో పోయే ఓడ జానెడు కదిలితే, ఎదురు పోయేది బెత్తెడే కదులుతుంది. ఫిరంగి పేల్చడమంటే పాచిక వేయడం. దగ్గర నుంచి పేల్చినప్పుడు ఆరు పడితే ఎదుటి ఓడ మునిగినట్టే. పాచిక గుడ్డ దాటి పడితే చెల్లదు, మళ్లీ వేయాలి. ఈ నియమం ముగ్గురం ఒప్పుకున్నదే. నోటుపుస్తకంలో రాసిపెట్టింది నేను.

మూడో మనిషికి జమ్మలమడుగులో ఎరువుల అంగడి. మిత్రుడు తీర్పరి గనుక ఆట మా ఇద్దరి మధ్యే. ఆ అంగడాయన తన ఓడలకు రంగు వేయడం కళ్లారా చూశాను. ట్రాక్టరు ట్రాలీకి పూయగా మిగిలిన డబ్బాలో ఓడను నిలువునా ముంచి, దారం కట్టి, అంగడి ముందు వేలాడదీశాడు. ఫిరంగి కిటికీలన్నీ పూడిపోయాయి.

"కిటికీలు యాడబోయినాయప్పా?" అంటే, "చలికి మూసుకున్యారు సార్" అన్నాడు.

ఆ ఫ్యాక్షన్ ఏళ్లలో జమ్మలమడుగు బస్సు రాలేదంటే ఎందుకని అడిగేవాళ్లు లేరు. అతను మాత్రం ఒక్క ఆదివారమూ తప్పలేదు. అంతవరకు ఒప్పుకుంటాను.

గొడవ జరిగిన ఆదివారం నా పెద్ద ఓడ అతని ఓడ వెనక్కి చేరింది. నా వంతు వస్తే అతని పని అయిపోయేది. అంతకుముందు అతని వంతు. పాచిక విసిరాడు. అది నా ఓడ స్తంభానికి తగిలి, గుడ్డ దాటి, బండల మీద దొర్లి, మిత్రుడి కాలి దగ్గర ఆగింది. ఆరు.

"మునిగిపాయ!" అని తొడ చరిచాడు.

"గుడ్డ దాటింది. మళ్లా ఎయ్యి" అన్నాను.

"యాడ పడితే ఏంది సార్, ఆరు ఆరే గదా. బండ మీంద పడితే ఐదైతాదా?"

"రాసుకున్యాం గదప్పా, మళ్లా ఎయ్యి" అని మిత్రుడూ చెప్పాడు.

మళ్లీ వేస్తే రెండు పడింది. అతను కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "మీరిద్దరూ ఒక వీధోళ్లు. ఈడ నాకు న్యాయం జరగదు. పెద్దాయన కాడికే పోతాండా."

ఇంకెక్కడైనా అది వేళాకోళం. మా వైపు కాదు. పొలం గెట్టు తగాదా అయినా, గొర్రె పోయినా, అన్నదమ్ముల పంపకమైనా పార్టీ పెద్దమనిషి దగ్గరే తేలాలి. పిలిచినప్పుడు పోకపోతే అదే కొత్త తగాదా అవుతుంది. మూడో రోజు బడి ముందు జీపు ఆగింది. "పెద్దాయన రమ్మన్యాడు అయివారూ. పడవలు గూడా తెమ్మన్యాడు."

రాజుపాలెం అవతల ఒక పల్లెలో ఆయన ఇల్లు. హాలు నిండా తెల్లచొక్కాలు. విచారణకు ముందే ఇద్దరి దగ్గరా ఏదో ఒకటి తీసిపెట్టుకోవడం ఆయన పద్ధతి. చెప్పిన మాటకు కట్టుబడతారని. పొలం తగాదాకు పాసుపుస్తకాలు తీసుకునేవాడు, మా దగ్గర ఓడలు తీసుకున్నాడు. నా ఓడనూ, ఆ ట్రాక్టరు రంగు ముద్దనూ ఒకే స్టూలు మీద పక్కపక్కన పెట్టారు. రెండూ ఒకటేనన్నట్టు.

నా ఓడను వేలితో పొడిచి, "వీళ్లెవురు?" అన్నాడు.

"ఇంగ్లీషోళ్లు."

"ఆ పక్క?"

"ఫ్రెంచోళ్లు."

"వాళ్లకూ వాళ్లకూ ఏం తగువప్పా? గెట్టు కాడనా?"

"సముద్రం కోసం."

"సముద్రంలో గెట్టెవురేస్తారు?" అన్నాడు. హాలంతా నవ్వింది. వెనక నుంచి ఒకడు, "మనోళ్లు పెన్నా ఇసకకు కొట్టుకోల్యానా, ఇదీ అంతేలే" అన్నాడు.

నోటుపుస్తకం తీశాను. ఆయన తెరవలేదు. "పుస్తకాలు బడిలో చూపిచ్చు అయివారూ. ఆరు పడిందా, లేదా?" పడిందన్నాను. నేను అబద్ధం ఆడను. "ఆరు పడిండేది నిజం. కింద పడిండేదీ నిజం. ఇద్దరి మాటా నిలబెట్టల్ల. పడవ సగం మునిగింది. రాజీ."

సగం మునగడమనేది మా ఆటలో లేదు. సగం మునిగిన ఓడ కదులుతుందా? ఫిరంగి పేలుస్తుందా? అడగబోతే, నాతో వచ్చిన మిత్రుడు వెనక నుంచి నా చొక్కా పట్టి లాగాడు. కాగితం రాశారు. సంతకం పెట్టాను. ఎందుకు పెట్టావని నా భార్య ఇప్పటికీ అడుగుతుంది. పెట్టకుండా ఆ వాకిలి దాటి వచ్చిన మగవాణ్ణి ఒక్కణ్ణి చూపించమంటాను.

ఓడ తీసుకోబోతే, "ఎలక్షన్లు కానీ, తీసకపోదువు" అన్నాడు పెద్దాయన.

ఎలక్షన్లు అయ్యాక పోయాను. ఓడ టీవీ మీద ఉంది. తెరచాపలకు పార్టీ రంగు పూసి ఉంది, గోడలకు వేసే రంగు. పెద్దాయన ఊళ్లో లేడన్నారు. కొన్నాళ్లకు ఆయన పార్టీ మారాడు. మళ్లీ పోతే తెరచాపల మీద కొత్త పార్టీ రంగు, దాని కింద నుంచి పాతది కనపడుతూ. మొదటి పూత ఆరనివ్వాలని కూడా తెలియని వెధవ ఎవడో చేసిన పని. మూడోసారి పోతే టీవీ మీద ఓడే లేదు.

"మీ జమ్మలమడుగాయన తీసకపాయ గదా మామా" అన్నాడు వాకిట్లో మనిషి. "మునిగిన పడవ ముంచినోనిదే అన్యాడంట. పెద్దాయన సరేనన్యాడు."

అప్పటికి అతను అంగడి పులివెందులకు మార్చాడు. ముద్దనూరు మీదుగా బస్సులో పోయాను. అద్దాల బీరువాలో, పురుగుమందు సీసాల మధ్య, నా ఓడ.

"రాండి సార్, టీ తాగుతారా?"

"నా ఓడ ఇయ్యి."

"మీది సగమే గదా సార్. సగమెట్ల ఇయ్యల్ల? కోసియ్యమంటారా?"

మందు కొనడానికి వచ్చిన రైతులు పొట్ట పట్టుకుని నవ్వారు. టీ తాగకుండా వచ్చేశాను. ఆ తర్వాత రాసిన ఉత్తరాలన్నీ రిజిస్టరు పోస్టులోనే పంపాను. అందినట్టు అతని సంతకంతో కార్డులు వస్తాయి. జవాబు రాదు.

"పోనీలేప్పా, ఇంకోటి పోసిస్తా" అన్నాడు మిత్రుడు. పోసి తెచ్చాడు కూడా. నేను రంగు ముట్టలేదు. ఇంకోటి చేసుకుంటే ఆ పోయినదాన్ని వాళ్లకు వదిలేసినట్టే. ఈ మాట అతనికి అర్థం కాలేదు. ముగ్గురం మళ్లీ ఎప్పుడూ ఆ గుడ్డ పరచలేదు.

పెద్దాయన పోయాడు. ఆయన విగ్రహానికి రంగు వేయమని నా దగ్గరికే వచ్చారు. వేయనన్నాను. ఆయన్ని ఇక అడగడానికి లేదు. ఎరువుల అంగడాయన ఉన్నాడు. అతనికి ఇది అచ్చయిన పుస్తకం ఒక ప్రతి రిజిస్టరులో పంపుతున్నాను.

చూడప్పా. రాజీ కాగితం సంగతి నాకు చెప్పొద్దు, చచ్చిపోయినాయన మాట చెప్పొద్దు. నియమం రాసుకున్న రోజు నువ్వు నా పక్కనే కూర్చున్నావు, సరేనన్నావు. పాచిక గుడ్డ దాటిందా, లేదా? దాటిందంటే నా ఓడ మునగలేదు. మునగని నా ఓడ నీ బీరువాలో ఎందుకుంది? కార్డు మీద సంతకం కాదు, నాకు జవాబు కావాలి. రాయి.