అత్తయ్యగారి మంచం, పక్కింటి పిల్లి

ఈ రోజు మా అత్తయ్యగారు భీమవరం నుంచి వస్తున్నారని పొద్దున్నే నాకు ఒకటే కంగారు. ఆవిడ నీచు మానేసి చాలా కాలమైంది. నేనేమో నవారు చివికిపోయిన ఆవిడ మంచాన్ని పాత చేపల వలల నైలాన్ తాడుతో అల్లించాను. అల్లింది మాకు చేపలు తెచ్చే జాలరిపేట పైడమ్మే. వలలు సబ్బునీళ్ళలో ఉతికి, మేడ మీద ఎండబెట్టి, తాడు పేని మరీ అల్లింది. అయినా నాకు వాసన వస్తున్నట్టే ఉంది. నా ముక్కు మీద నమ్మకం పోయి, పక్కింటి పిల్లిని తెచ్చి, పొద్దున చేపలు తెచ్చిన పైడమ్మ ముందే మంచం మీద వదిలాను. అది నాలుగు మూలలూ వాసన చూసి, మధ్యలో ముడుచుకుని పడుకుంది.

"అయిపోయింది పైడమ్మా, పసిగట్టేసింది" అన్నాను.

"ఏటి పసిగట్టింది? నీసు వాసనుంటే తాడు నాకుతాది, కొరుకుతాది. తొంగుంటాదేటమ్మా?" అంది.

మధ్యాహ్నం అత్తయ్యగారు నడుం వాల్చి, గాలి బాగా ఆడుతోందని మెచ్చుకుని, గురక పెట్టారు. హమ్మయ్య అనుకున్నాను. లేచేసరికి పిల్లి ఆవిడ కాళ్ళ దగ్గరే ఉంది.

"ఇది నన్ను వదలదేమే?" అన్నారు.

"మీరు నచ్చారత్తయ్యా" అన్నాను.

మీరైతే ఏం చెప్పేవారో రాయండి. వలల సంగతి ఆవిడతో మాత్రం అనకండి.