నారింజ సార్ అప్పజెప్పిన పాఠం

ఆ రోజుల్లో నాకు అసలు కోపమే రాదని చుట్టాలంతా చెప్పుకునేవారు. "మీ పిల్ల బంగారం, నోట్ల నాలికె ఉన్నట్టే ఉండదు" అని మా అమ్మ దగ్గర మెచ్చుకునేవారు. నాలుకా ఉంది, కోపమూ ఉంది. బయటికి పోయే పని లేక రెండూ నాతోపాటే ఇంట్లో కూర్చున్నాయి, అంతే. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. మా ఇల్లు ధూల్‌పేట్‌లో, గణపతి విగ్రహాలు పోతపోసే గల్లీ పక్కన. ఏడాదిలో సగం రోజులు గాలి నిండా సుద్ద దుమ్మే. బడి గేటు చేరేలోపే నాకు ఆయాసం మొదలయ్యేది. అందుకని నల్లా నీళ్ల ఆఫీసులో పనిచేసే మా బాపు సాయంత్రం డ్యూటీ దిగివచ్చి, కాళ్లు కడుక్కుని, దేవుడి దగ్గర దీపం పెట్టి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడు. ఆయన పద్ధతి ఒక్కటే. విన్న పాఠం తిరిగి ఆయనకే అప్పజెప్పాలి. "సమజైందా అంటే అందరు తలకాయ ఊపుతరు బిడ్డా. తలకాయలు నాకొద్దు. నోటితోని చెప్పు." అలా డిగ్రీ దాకా ఇంట్లోనే అప్పజెప్పాను. (ఆ ఉబ్బసానికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. అది లేకపోతే మా బాపు నాకు అంతగా దక్కేవాడు కాదు.)

మా చిన్నన్నకు కార్లకు మెరుగుపెట్టే దుకాణం ఉండేది. నేలకు జానెడు ఎత్తు కూడా లేని సూపర్‌కార్లు లారీల మీద ఊరేగింపుగా అక్కడికి వచ్చేవి. వాటి యజమానులది అందరిదీ ఒకటే ఏడుపు: మూడు వందల వేగం పోయే కారు కొన్నాం, గల్లీలో స్పీడ్‌బ్రేకర్ ఎక్కడం లేదు, రోడ్డు మీద ఆటో దాటిపోతోంది. ఆ ఏడుపు వినీ వినీ మా అన్నకు ఒక ఆలోచన పుట్టింది. వీళ్లందరినీ కార్లతో సహా ఒక రేసు ట్రాక్‌కు తీసుకెళ్లి, పోటీ గీటీ లేకుండా, తనివితీరా నడుపుకోనిస్తే? ఊరికి గంటన్నర దూరంలో కొత్తగా ఒక ట్రాక్ వేశారు. దాని మేనేజరు ఏది అడిగినా వద్దనేవాడు కనుక మేం ఆయనకు ససేమిరా సార్ అని పేరు పెట్టుకున్నాం. మా అన్న ఆయన గుమ్మం ముందు ఆరు నెలలు తిరిగాడు. చివరికి ఆయన మెత్తబడి ఒక్క ఆదివారం ఇచ్చాడు. "భద్రత పాఠం విన్నోళ్లకే చేతికి బ్యాండ్. బ్యాండ్ లేనోడు ఒక్కడు ట్రాక్ మీదికి వచ్చిండంటే గేటు బంద్. మళ్ల నా మొహం చూడొద్దు." మా అన్న అప్పటికే దీన్నే నమ్ముకుని దుకాణం మూసేశాడు. అంటే మా ఇంటి అదృష్టమంతా ఆ ఒక్క ఆదివారం మీద నిలబడి ఉంది.

పాఠం చెప్పే పని నాది. నిబంధనలన్నీ రాసింది నేనే, అవి కంఠతా వచ్చింది నాకొక్కదానికే. పేరిచ్చిన పదిమంది యజమానులకు ఫోన్లో సందేశం పెట్టాను: పొద్దున్న ఏడింటికి మీరే స్వయంగా రావాలి, పాఠం వినాలి. పదిమందీ సరేనన్నారు. వాళ్ల ముఖాలు తెలిసిన మా అన్న ఆదివారం పొద్దున్న లారీల దగ్గర కార్లు దింపిస్తున్నాడు. ఏడింటికి నేను గదిలోకి వెళ్తే పదిమందీ ఉన్నారు! నన్ను చూడగానే లేచి నిలబడ్డారు. ఇస్త్రీ చొక్కాలు, దువ్విన జుట్టు, చేతులు కట్టుకున్న వినయం. అందరికన్నా ముందు కూర్చున్న పెద్దాయనకు నెరిసిన గడ్డం. పక్కవాడు తొందరపడినప్పుడల్లా "సబర్, సబర్" అని ఓపిక పట్టమంటున్నాడు. ఇంత డబ్బున్నా ఎంత అణకువ ఇచ్చావు తండ్రీ అని మనసులో దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను. పసుపు జెండా అంటే వేగం తగ్గించాలి, ఎవరినీ దాటకూడదు. ఎర్ర జెండా అంటే మెల్లగా వెనక్కి వచ్చేయాలి. నీలం జెండా అంటే వెనక వేగంగా వచ్చేవాడికి దారివ్వాలి. ముందున్నవాడు చెయ్యి చూపితేనే, తిన్నని దారిలోనే దాటాలి. అన్నీ చెప్పి, మా బాపు పద్ధతిలో ఒక్కొక్కరితో అప్పజెప్పించాను. ఒక్కరు తడబడలేదు. అందరి చేతులకూ బ్యాండ్లు కట్టేశాను. విప్పాలంటే చింపాల్సిందే, అలాంటి బ్యాండ్లవి.

తొమ్మిదిన్నరకు యజమానులు వచ్చారు.

అవును, అసలు యజమానులు. చల్లటి కార్లలోంచి నల్లద్దాలతో దిగారు. నేను పాఠం చెప్పింది వాళ్ల డ్రైవర్లకు! కరెంటు బిల్లు లైనులో, ఆసుపత్రి చీటీ లైనులో తమ బదులు నిలబెట్టినట్టే, నా పాఠంలో కూడా తమ బదులు వాళ్లను కూర్చోబెట్టారు. వాళ్లేమో ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చోవడం అలవాటైనవాళ్లు. "అందరూ వచ్చారా" అని నేనడిగితే "వచ్చినం మేడం" అన్నారు. ఎవరు మీరు అని నేనడగలేదు. (తప్పు నాది కూడా. మనిషిని చూసి అడగకుండా చొక్కా ఇస్త్రీ చూసి మురిసిపోయాను.)

నారింజ రంగు కారు ఆయన ముందుకొచ్చి చెయ్యి చాపాడు. "ఆ బ్యాండ్ ఏందో ఇయ్యమ్మా, టైమైతుంది."

"పాఠం వినలేదు కదా సార్."

"మా మనిషి విన్నడు కదా!" అని గడ్డం పెద్దాయనను చూపించాడు. ఆయన పద్దెనిమిదేళ్లుగా ఈ సార్ దగ్గర డ్రైవరట. కానీ ఆ నారింజ కారును కడగడమే తప్ప ఏనాడూ నడిపింది లేదు.

మా అన్న పరుగెత్తుకొచ్చి నా చెవిలో గొణిగాడు. "చెల్లె, లొల్లి చెయ్యకు. అందరు ఎల్లిపోతే మన బతుకేంది? ఇచ్చెయ్యి." నాకు మొదటి మంట అక్కడ రేగింది, మా అన్న మీద. ఆరు నెలలు వద్దన్న మనిషి మేడ మీది కిటికీలోంచి మమ్మల్నే చూస్తున్నాడు. మిగిలిన బ్యాండ్లున్న అట్టపెట్టెను మెట్టు మీద పెట్టి, దాని మీద కూర్చున్నాను. (పెట్టె కొంచెం కుంగింది. ఆ పూట నా గాంభీర్యానికి కలిగిన నష్టం అదొక్కటే.)

"ఏ కాలేజీల చదివినవమ్మా నువ్వు?" అన్నాడు నారింజ సార్.

"ఇంట్లో చదివాను."

పదిమందీ నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. అప్పుడాయన నవ్వుతూనే అన్నాడు, "అరే, గుళ్ల దర్శనం లైన్ల గూడ మా మనిషే నిలబడ్తడు. దేవుడే ఏమంటలేడు, నీదేంది నడుమ?"

నా చెవుల్లో గుయ్యిమంది. పుట్టిన దగ్గర్నుంచి మింగినదంతా ఒక్కసారి గొంతులోకి వచ్చింది. అరుద్దామనే అనుకున్నాను. కానీ ఇంట్లో పెరిగిన కోపం కదా, దానికి అరవడం రాదు. చాలా మెల్లగా, చాలా చల్లగా బయటికి వచ్చింది. "దేవుడికి ఓపిక ఉంటది సార్. ఆ మలుపుకు ఉండదు."

నవ్వు ఆగింది. నేను ఆపలేదు. "బ్యాండ్ ఎవరి చేతికుంటే వాళ్లే నడుపుతరు. మీ కార్లు మీ డ్రైవర్లు నడుపుతరు, మీరు పక్క సీట్ల కూసోండి." గడ్డం పెద్దాయన వైపు తిరిగి, "సబర్ భాయ్, ఎక్కండి" అన్నాను. ఆయన రెండు చెంపలూ వాయించుకున్నాడు. "తౌబా తౌబా! నన్ను కడుగుమన్నరు మేడం, నడుపుమనలే!" నారింజ సార్ ముఖం కారు రంగు వదిలి సున్నం రంగులోకి వచ్చింది. పాఠం లేకుండా తాను నడపడానికి లేని భయం, పాఠం వచ్చిన మనిషి నడుపుతాడంటే వచ్చింది చూడండి!

దారి చూపింది సబర్ భాయే. "సాబ్, సబర్. పది నిమిషాలు. నేను చెప్త, మీరు మేడంకు అప్పజెప్పుండ్రి. ఆమె గట్లనే అడుగుతది." వేరే దారి లేదు. కార్ల నీడన పది జతలు. పాఠం చెప్పేవాళ్లు నిలబడి ఉన్నారు, వినేవాళ్లు టైర్ల పక్కన గొంతుకూర్చున్నారు.

"పసుపు జెండా అంటే, సాబ్?"

"స్లో."

"గంతేనా?"

"ఇంకేముంది?"

"ముందటోన్ని దాటొద్దు సాబ్! ఇంటికాడ గేటు ముందట గూడ మీరు గిట్లనే ఉరుకుతరు."

పద్దెనిమిదేళ్ల మాట ఒకటి ఆ సందులో అలా బయటపడింది. సబర్ భాయ్ నాలుక కరుచుకున్నాడు. నారింజ సార్ నేల చూశాడు. తర్వాత నా ముందుకొచ్చి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక కట్టుకుని, జెండాలన్నీ అప్పజెప్పాడు. నీలం జెండా దగ్గర తప్పాడు. మళ్లీ పంపాను. (అక్కర్లేదు నిజానికి. కొంచెం కోపం మిగిలి ఉండింది.)

పదకొండింటికి కార్లు కదిలాయి. మూడో చుట్టులో ఒక ఎర్ర కారు మలుపులో గిర్రున తిరిగి దారికి అడ్డంగా ఆగిపోయింది. పసుపు జెండా లేచింది. వెనక వస్తున్నది నారింజ కారే. నేను కళ్లు మూసుకుని రామా అనుకున్నాను. తెరిచేసరికి ఆ కారు పెళ్లి ఊరేగింపులా మెల్లగా, ఎవరినీ దాటకుండా, పక్కనుంచి వెళ్తోంది. దిగాక నారింజ సార్ తన నీళ్ల సీసా మూత తీసి ముందు సబర్ భాయ్ చేతికిచ్చాడు. ససేమిరా సార్ మేడ దిగివచ్చి మా అన్నను అడిగాడు, "వచ్చే నెల ఏ ఆదివారం గావాలె?"

అలా నిలబడింది మా పని. ఇప్పుడు నాలుగు ఊళ్లలో ట్రాక్‌లకు కార్లను తీసుకెళ్తున్నాం. ఎక్కడైనా ఆనవాయితీ అదే: యజమాని తన డ్రైవర్ దగ్గర పాఠం విని, నాకు అప్పజెప్పాలి. కారు కడిగేవాడే పాఠం చెప్పే ఆ పది నిమిషాల కోసమే కొందరు డ్రైవర్లు కొత్త చొక్కా కుట్టించుకుంటారని విన్నాను. సబర్ భాయ్ ఆ ఉద్యోగం మానేసి మా దగ్గరే జెండాల పెద్దగా ఉన్నాడు.

ట్రాక్ ఆదివారానికి ముందు వచ్చే ప్రతి శుక్రవారం గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో పూలు కొని, మా గల్లీ అమ్మవారికి నేనే ఇచ్చి రావడం నా మొక్కు. పోయిన నెల ఫోన్లు తెగలేదు. "సబర్ భాయ్, కాస్త పూలు పట్టుకుని లైనులో నిలబడండి, నా వంతుకు వచ్చేస్తాను" అన్నాను. అరగంటకు ఫోన్ చేశాడు.

"బేటా, ముందట నలుగురే ఉన్నరు. ఒక్కటి అడగాల్నా? లోపలికి పోయినంక నీ మొక్కు నేను చెప్పాల్నా, నా మొక్కు నేను చెప్పుకోవాల్నా?"

నాకు మళ్లీ చెవుల్లో గుయ్యిమంది. ఈసారి కోపం ఎవరి మీదో వెతకక్కర్లేకపోయింది. చెప్పులు సరిగా వేసుకోకుండానే పరుగెత్తాను. ఆయన నవ్వకుండా పూలబుట్ట నా చేతిలో పెట్టి, తన చోటు ఇవ్వకుండా, గల్లీ మలుపు దాకా సాగిన లైను చివర చూపించాడు. "పీఛే సే, మేడం."

వెళ్లి చివర నిలబడ్డాను. ఆనాడు బ్యాండ్ల పెట్టె మీద బిగుసుకుని కూర్చున్న ఆ పిల్ల ఎక్కడినుంచో నన్ను చూస్తున్నట్టే అనిపించింది. చూడనీ. నా ముందు ఇరవై ఏడుగురున్నారు, ఎవరినీ దాటలేదు.