సరోజన మేడం అడిగిన ప్రశ్న

మొన్న సూర్యాపేటలో కోదాడ బస్సెక్కితే, పక్క సీటులోని పెద్దావిడ చిన్న డబ్బా తీసి లవంగం నోట్లో వేసుకున్నది. ఆ ఘాటు తగలగానే నేను తెలియకుండానే వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాను. మా సీనియర్ సరోజన మేడం గదిలో ఎప్పుడూ అదే వాసన. సూర్యాపేట కోర్టులో రోడ్డు ప్రమాదాల నష్టపరిహారం కేసులు వాదించిన లాయరు ఆవిడ. నాకు పని నేర్పింది కూడా ఆవిడే. ప్రేమగా మాట్లాడటం ఆవిడకు చేతనయ్యేది కాదు. నేను రాసిన కాగితాన్ని విసిరేయకుండా బల్ల మీద పెట్టిందంటే ఆ రోజు మనసు బాగున్నట్టు లెక్క. ఆవిడ పోయి రెండేళ్లవుతున్నది.

దవాఖాన ఖర్చుకు బిల్లులుంటాయి, పోయిన జీతానికి రుజువులుంటాయి. అనుభవించిన నొప్పికి, చేజారిన సుఖానికి అలాంటివేమీ ఉండవు. చట్టం వాటికీ పరిహారం ఇమ్మంటుంది కానీ, ఏం పోయిందో నోరు తెరిచి చెప్పాల్సింది మనిషే. నేను ప్రతి అర్జీలోనూ “తీవ్రమైన శారీరక, మానసిక వేదన” అని రాసి చేతులు దులుపుకునేవాణ్ని. మేడం ఎర్ర పెన్నుతో దాన్ని కొట్టేసేది. “గిది అందరి నొప్పి బిడ్డా. ఈయన నొప్పేది?” అనేది. నాకు ఒళ్లు మండేది. నొప్పి ఎవరిదైనా నొప్పే కదా అని లోలోపల గొణుక్కునేవాణ్ని.

ఆ రోజుల్లో వచ్చినవాడే సైదులు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమాస్తా. కోదాడలో పెళ్లికి వెళ్లి మోటారు సైకిల్ మీద తిరిగి వస్తుంటే వెనక నుంచి లారీ గుద్దింది. ఎడమ మోకాలు ఇక వంగలేదు. మిల్లు యజమాని మంచివాడు, అదే కుర్చీలో కూర్చోబెట్టి అదే జీతం ఇచ్చాడు. ఆ మంచితనమే కేసుకు అడ్డం తగిలింది. జీతం తగ్గలేదు, మనిషి పనిలోనే ఉన్నాడు, కాబట్టి దవాఖాన బిల్లులు మాత్రం కడతామన్నది బీమా కంపెనీ. ఇక మిగిలింది ఆ మోకాలితో పాటు అతని బతుకులోంచి ఏం పోయిందన్న సంగతి. అది కోర్టు నమ్మితే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

మేడం ఎన్ని విధాలుగా కదిలించినా అతను “మంచిగనే ఉన్న మేడం, కాలొక్కటే జర సతాయిస్తది” అనడం తప్ప ఇంకో మాట చెప్పలేదు. చివరికి ఆవిడ అతని భార్య లక్ష్మమ్మ వైపు తిరిగి, ఇంట్లో ఎలా చూసుకుంటున్నావని అడిగింది. లక్ష్మమ్మ గర్వంగా చెప్పింది: “ఆయనకు ఏం తక్కువ చెయ్య మేడం. కుర్చీ ఏసి అందరికంటె ముందుగాల ఆయనకే అన్నం పెడ్త.” సైదులు తల వంచుకున్నాడు. మేడం అతన్ని ఒకసారి చూసి లవంగం దవడన పెట్టుకుంది. ఇంకేమీ అడగకుండా వాళ్లను పంపించేసింది.

సాక్ష్యం రోజున బీమా కంపెనీ తరఫున వచ్చింది కోదాడకు చెందిన ఒక పెద్ద లాయరు. ఎంతో మర్యాదస్తుడు. క్రాస్ ఎగ్జామినేషన్‌కు లేచి, ఇంటికొచ్చిన బంధువును పలకరించినట్టు, “ఏం సైదులు గారూ, ఒంట్లో ఎలా ఉంటుందండీ?” అన్నాడు. సైదులు రెండు చేతులూ జోడించి “మీ దయ సార్, మంచిగున్న” అన్నాడు. “ఇబ్బందులేమీ లేవు కదండీ?” “ఏం లేవు సార్.” లాయరు కూర్చున్నాడు. జడ్జి గారు ఆ జవాబులు టైపు చేయించారు. పెద్దమనిషి కుశలమడిగితే మా వైపు ఎవరైనా అదే చెబుతారు, దవాఖాన మంచం మీద ఉన్నా అదే చెబుతారు. కానీ కోర్టు కాగితం మీదికి ఎక్కితే అది ఒప్పుకోలు.

మేడం జడ్జి గారి అనుమతి తీసుకుని, సైదుల్ని మళ్లీ ప్రశ్నించడానికి లేచింది. “సార్ అడిగితే మంచిగున్న అన్నవ్. ఎందుకన్నవ్?”

“ఆయన మర్యాదగ అడిగిండు మేడం. బాగలేనని ఎట్లంట?”

“నిన్న రాత్రి అన్నం ఎక్కడ తిన్నవ్?”

“కుర్చీల.”

“ఇంట్లోళ్లు?”

“కింద. నేను తిన్నంక.”

మేడం ఇంకో ప్రశ్న వేయలేదు, కూర్చోనూ లేదు. అలాగే నిలబడింది. కాసేపటికి సైదులే మొదలుపెట్టాడు. “నాకు కింద కూసోనీకి రాదు మేడం. సుట్టానికి పెట్టినట్టు నాకు ముందుగాల పెడ్తది. నేను లేసినంక పిల్లలు, ఆమె కూసోని నవ్వుకుంట తింటరు. నేను అవతల అర్రల కూసోని ఆ నవ్వులు ఇనుకుంట ఉంట. మా ఇంట్ల నేనే సుట్టాన్నయిన.” జడ్జి గారు ఆ మాటలు అతను అన్నవి అన్నట్టే టైపు చేయమన్నారు.

లోపల కూర్చుని అంతా విన్న లక్ష్మమ్మ, బయట వరండాలో అతని చెయ్యి పట్టుకుని నిలదీసింది. “ఇన్ని దినాల సంది నాకెందుకు చెప్పలే? నేను మర్యాద చేస్తున్న అనుకున్న గదా!” “నువ్వు ప్రేమతోని పెడ్తుంటివి. వద్దని ఎట్ల చెప్పాలె?” అన్నాడు సైదులు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. “కేసు గట్టెక్కినట్టే మేడం” అన్నాను నేను. “కేసు సంగతి జడ్జి సూసుకుంటడు. ఆమె ఇయ్యాల ఇన్నది, అది సూడు” అన్నది మేడం.

తీర్పులో నొప్పికి వేరుగా, జీవితంలో కోల్పోయిన సుఖాలకు వేరుగా పరిహారం రాశారు. పరిహారం డబ్బు కాగితాల మీద సంతకాలు పెట్టడానికి వచ్చినప్పుడు సైదులు ముఖం తేటగా ఉంది. “ఇప్పుడు అరుగు మీద తింటున్నం మేడం. నేను కాళ్లు కిందికేసి కూసుంట, పిల్లలు నా పక్కకే కూసుంటరు” అని చెప్పాడు. “గీ ముచ్చట సాక్ష్యం కంటె ముందుగాలనే అయితే, పైసలు మిగిలినయని కంపెనోళ్లు సంబురపడుతుండిరి” అని మేడం నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆవిడంటే నాకు భయం పోయి ఇష్టం కలిగింది ఆ రోజే.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లను నేను ఎలా ఉన్నారని అడగను. ఇంటివాళ్లను కూడా లోపలికి పిలిచి పక్కన కూర్చోబెడతాను. అన్నం ఎక్కడ తింటున్నారు, ఎవరింటికి వెళ్లడం మానేశారు అని అడిగి ఊరుకుంటాను. జవాబు వచ్చేలోపే, భార్యో కొడుకో ఆ మనిషి ముఖంలోకి మొదటిసారి చూస్తున్నట్టు చూస్తారు.