సంగమ్మక్క తెంపిన కలగూర

కరోనా సద్దుమణిగి, మాస్కులు లేకుండ మనుషుల ముఖాలు మళ్లీ చూసిన మొదటి వానకాలం అది. బీదర్‌కు దగ్గర్ల, మన్నళ్ళి దిక్కున్న ఒక చిన్న సర్కారు దవాఖానల నేను స్టాఫ్ నర్సుగ పనిచేస్తుంటి. ఇప్పుడు రిటైరయ్యి ఇంట్ల ఉంటున్న గని, మృగశిర కార్తెల మిరుగం వానలు పడ్డప్పుడల్ల ఆ శనివారం మతికొస్తది.

వానలు పడంగనే మా దిక్కు చెలకలల్ల ఎవరూ విత్తకున్నా కూరలు మొలుస్తయి. తుమ్మికూర, గునుగు, చెంచలికూర. ఏది దొరికితే అది కలిపి వండుతరు, దాన్నే కలగూర అంటరు. నా చిన్నప్పుడు చర్చి నుంచి వస్తొస్త మా అమ్మ తోవ పొంటి వంగి వంగి కూర తెంపేది. ఇంటికి వచ్చేసరికి ఆమె కొంగు తడిసి మట్టివాసన కొట్టేది. జొన్నరొట్టెల ఆ కూర పెట్టుకొని తిన్న రుచి తర్వాత ఏ పెండ్లి భోజనంల నాకు దొరకలే.

మా దవాఖాన ఉన్న ఊర్లె సంగమ్మక్క గూడ మా అమ్మ తీరు మనిషి. కూరలే గాదు, మందాకులు గూడ ఆమెకు బాగ తెలుసు. ఎవరికన్న దెబ్బ తాకితే గాయపాకు పసరు పిండేది. జరమొస్తే తిప్పతీగ దంచి కషాయం కాచేది. అట్లని దవాఖానను ఎన్నడూ తక్కువ చెయ్యలే. పాము కరిచినోళ్లను తానే వెంటబెట్టుకొని మా దగ్గరికి తెచ్చేది.

ఆ శనివారం పొద్దెక్కినంక ఆమెనే ఆటోల తెచ్చిండ్రు. ఆమెతోటి కొడుకు బస్వరాజు గూడ. ఇద్దరి ముఖాలు ఎర్రగ కంది, ఒళ్లు పెనం లెక్క కాలుతాంది. నోరు ఎండి నాలుక అంగిలికి అంటుకపోయింది. బస్వరాజు గోడతోటి కొట్లాడుతుండు. సంగమ్మక్క మాత్రం మంచం మీద కూసొని, పక్కగుడ్డ మీద లేని కూరను తెంపుతాంది. తెంపి ఒళ్లె వేసుకుంటాంది. నేను పిలిస్తే నా ముఖంల ముఖం పెట్టి చూసింది గని, గుర్తుపట్టలే.

మా డాక్టరు గుల్బర్గా నుంచి వచ్చిన చిన్న వయసాయన. టార్చి వేసి ఇద్దరి కండ్లు చూసిండు. నల్లగుడ్డు నడుమ ఉండే ప్యూపిల్ వెలుతురు పడితే చిన్నగ కావాలె. వీళ్లకు పెద్దగ విచ్చుకొని అట్లనే ఉన్నది. "ఉమ్మెత్త విషం లెక్క ఉంది సిస్టర్. ఏం తిన్నరో అడగండి," అని కన్నడంల అన్నడు.

అడుగుదామని బయటికి పోయిన. వరండాల సంగమ్మక్క కోడలు లలిత ఒక మూలకు నిలబడ్డది. ఆమె బీదర్ టౌన్ల పుట్టి పెరిగిన పిల్ల, పెండ్లయి ఏడాది గూడ నిండలే. సంగమ్మక్క మరిది వీరప్ప ఆమె మీద లేస్తుండు.

"వండింది ఈమెనే. తిననిది ఈమె ఒక్కతే. ఇగ నన్నేమనుకొమ్మంటరు?"

"నాకు శనివారం ఒక్కపొద్దు," అన్నది లలిత.

"ఈ వారమే మతికొచ్చిందా ఒక్కపొద్దు?"

చుట్టుపక్కల నిలబడ్డోళ్లు తలలూపిండ్రు. నేను లలితను పక్కకు తీసుకపోయి, పొద్దుగాల ఏం వండినవు బిడ్డా అని అడిగిన.

"కలగూర, రొట్టె. అత్తమ్మ చెలకనుంచి కూర తెచ్చి గంపల పోసింది. నేను అంత తరిగి పొయ్యి మీద పెట్టిన. వాసన జర వేరే వచ్చింది సిస్టరమ్మా. అడవి కూరలు గట్లనే ఉంటయేమో అనుకున్న."

లోపల సంగమ్మక్కకు మూత్రం బిగిసి పొత్తికడుపు ఉబ్బింది. క్యాథెటర్, అంటే మూత్రం తీసే సన్న గొట్టం, వేద్దామని చీర సదురుతుంటే మోకాలుకు కట్టిన పాతగుడ్డ కనబడ్డది. ముడి విప్పిన. కింద నూనె రాసి వెచ్చజేసిన ఉమ్మెత్తాకు, వాడిపోయి చర్మానికి అతుక్కొని ఉన్నది. వానకాలంల మోకాళ్లు పట్టుకుంటే మా దిక్కు ముసలోళ్లు పైన ఆ ఆకే కడతరు. కడుపులకు పోతే అదే విషం.

నాకు సంగతి సగం అర్థమైంది. కట్టుకోను తెచ్చిన ఆకు కూరల కలిసి ఉంటది. ఆ ముక్క వీరప్పకు చెప్పిన.

"ఇంట్ల ఉమ్మెత్త ఉండె అని మీరే అంటున్నరు. ఈమెకు అందుబాటుల ఉండె అన్నట్టే గద," అన్నడాయన.

జరిగింది చెప్పగలిగే మనిషి లోపల లేని కూర తెంపుతాంది. పైగా విషం అనుమానముంటే అది ఎమ్మెల్సీ, అంటే పోలీసులకు తెలపవలసిన కేసు. డాక్టరు ఠాణాకు ఫోన్ చేసిండు. మిగిలిన కూర ఒక డబ్బాల పెట్టి సీలు వేసిండు. సెలైన్లు ఎక్కించి, ఇద్దరినీ బీదర్ పెద్ద దవాఖానకు పంపాలన్నడు.

అంబులెన్సు వచ్చినంక వీరప్ప తలుపుకు అడ్డం నిలబడ్డడు. "ఈమె రావద్దు. అక్కడ ఇంకేం పెడతదో."

బండి ఎక్కుదామని చెప్పులు విడిచిన లలిత రెండడుగులు వెనుకకు పోయింది. ఆమె ఎటు పోవాలె అన్నది ఆమెకే తెల్వలే. పుట్టింటికా, ఠాణాకా.

"వీరప్పన్నా, ఆడ పేషెంటు పక్కన ఆడమనిషి ఉండాలె. నేను గూడ వస్తున్న, నా కండ్ల ముందే ఉంటది," అని లలిత చెయ్యి పట్టుకొని బండి ఎక్కించిన. తోవ పొడుగున ఆమె అత్త తల ఒళ్లె పెట్టుకొని తడిగుడ్డతోటి తుడుస్తనే ఉన్నది. సంగమ్మక్క రెండు మూడుసార్లు ఆ చేతిని కొట్టింది. లలిత చెయ్యి తియ్యలే.

తెల్లారి డ్యూటీకి ముందు నేను పెద్ద దవాఖానకు పోయిన. బస్వరాజు నిద్రపోతుండు. సంగమ్మక్క దిండుకు ఆనుకొని కూసొని, నీళ్లు అడిగి తాగుతాంది. మంచం కాళ్ల దిక్కు వీరప్ప, పోలీసాయన నిలబడి ఉన్నరు. ఏమైందో అడిగిండ్రు.

"కూర, ఉమ్మెత్తాకు ఒక్క ఒళ్లెనే తెచ్చిన. ఇంటికి పోయి ఏరుదామనుకున్న. గంపల పోసినంక దూడ తాడు తెంపుకున్నది, దాని వెనుక ఉరికిన. వచ్చేసరికి పిల్ల కూర వండి దించింది. ఆకు సంగతే మరిచిన." గ్లాసు పక్కకు పెట్టి మరిదిని చూసింది. "తెచ్చింది నేను. ఏరనిది నేను. పిల్లనేమన్న అన్నరా?"

వీరప్ప తల వంచుకొని బయటికి పోయిండు. జరసేపటికి ఇడ్లీ పొట్లం తెచ్చి, "తిను బిడ్డా, నిన్నటిసంది ఏం తినలే," అని లలిత చేతుల పెట్టిండు. ఆమె పొట్లం తీసుకున్నది. ఏడుపు అప్పుడే వచ్చింది ఆమెకు.

విషం కేసులు తర్వాత గూడ ఎన్నో చూసిన. గన్నేరు గింజలు, అడవాముదం కాయలు తిన్న పిల్లలు ఏటేట వచ్చేటోళ్లు. ఎవరు పెట్టిండ్రు అని అందరూ అడుగుతుంటే, అది ఇంట్లకు ఎట్ల వచ్చింది అని నేను అడగవట్టిన. చానసార్లు దొంగ ఎవరూ దొరకరు, ఒక మరుపు దొరుకుతది.

నెలల తర్వాత లలిత గర్భిణీల చెకప్‌కు మా దగ్గరికి వచ్చింది. బీపీ చూస్తుంటే మెల్లగ అన్నది: "ఆ దినం మీరు బండి ఎక్కించకపోతే నేను మా అమ్మగారింటికి పోతుంటి సిస్టరమ్మా. అత్తమ్మ నిజం చెప్పినా మళ్లీ రాకపోదును."

బయట బెంచీ మీద సంగమ్మక్క, కోడలి చెప్పులు ఎండ తగలకుండ తన కాళ్ల దగ్గరికి జరుపుకొని కూసున్నది.