బెంజమిన్ గారికి మూడు పూతలు

ఒక పెద్దమనిషిని దేశం దాటించడానికి సైన్యం అక్కర్లేదు, సన్నటి కుంచె చాలు. డెబ్బైల్లో నేను ఆ పని దాదాపు చేసేశాను.

అప్పట్లో బెజవాడ గవర్నర్‌పేటలో సత్తార్ గారి ఫొటో స్టూడియోలో రీటచింగ్ చేసేవాణ్ణి. నెగెటివ్ మీద మొహం ఉన్నచోట పల్చగా ఎర్ర రంగు పూస్తే ప్రింటులో ఆ మొహం తెల్లబడుతుంది. ఎండలో మాడి వచ్చిన కంకిపాడు పెళ్ళికొడుకైనా మా కవర్లోంచి పాలకోవాలా బయటికొచ్చేవాడు. చెయ్యమని ఎవరూ అడిగేవారు కాదు, వద్దని ఎవరూ అనేవారూ కాదు. అది మా మర్యాద.

ఆ మర్యాద చేతిలో పడ్డారు బెంజమిన్ గారు. అమెరికా నల్లజాతి ఫొటోగ్రాఫరు, బొమ్మలు కూడా వేసేవారు. గుణదల మేరీమాత ఉత్సవాన్ని ఫొటోలు తియ్యాలని షికాగో నుంచి వచ్చారు. ఊళ్ళో ఎవరూ ఆయన్ని విదేశీయుడనుకోలేదు. పేరు మనదే, రంగూ మనదే. తెలుగులో అడిగితే నవ్వి ఊరుకున్నారని బస్సు కండక్టరు ఒకాయన, నాలుగు ముక్కలు చదవగానే సొంత భాష మరిచిపోయావా అని చీవాట్లు కూడా పెట్టాడట.

ఉత్సవం ఇంకా రాకుండానే, మన దేశంలో ఉండడానికి ఆయనకిచ్చిన పర్మిట్ గడువు దగ్గరపడింది. పొడిగింపు దొరక్కపోతే మద్రాసు రైలెక్కి అక్కణ్ణుంచి విమానంలో వెళ్ళిపోవాలి, వచ్చిన పని వదులుకోవాలి. దరఖాస్తుకి ఫొటో కావాలి. సత్తార్ గారు ఫొటో తీసి, ఉన్నది ఉన్నట్టు ప్రింటు వెయ్యమని నాకు చెప్పి, పెళ్ళి ఫొటోలకి తెనాలి వెళ్ళిపోయారు.

చేతులు కట్టుకుని కూర్చోవడం నాకు చేతకాదు. కూర్చున్నాను, లేచాను, కుంచె కడిగాను, ఆరబెట్టాను, మళ్ళీ తడిపాను. కంకిపాడు పెళ్ళికొడుకుకి చేసినపాటి మర్యాద అమెరికా అతిథికి చెయ్యకపోతే ఎలా? ఒక పూత వేశాను. దూరాభారం వచ్చారు కదా అని రెండోది వేశాను. మూడోది ఎందుకు వేశానో ఇప్పటికీ తెలియదు.

మర్నాడు దుబాసీగా నేనే ఆయన వెంట పర్మిట్ల ఆఫీసుకి వెళ్ళాను. గుమాస్తా గారు కవరు విప్పి, ఫొటో చూసి, బెంజమిన్ గారిని దాటి గుమ్మం వైపు చూశారు.

"దొరగారు బయట ఉన్నారా?"

"ఈయనేనండీ," అన్నాను.

"ఈయన మన గుణదల ఆయన కదయ్యా, దారి చూపించడానికి వచ్చినట్టున్నారు. అమెరికా ఆయన్ని పిలువు."

"అమెరికా ఆయనే ఈయనండీ."

"మరి ఈ ఫొటోలో ఉన్నదెవరు?"

గుమాస్తా గారు పాస్‌పోర్టు తిరగేశారు, ఫొటో తిరగేశారు. ఒకరి ఫొటో మీద ఇంకొకరికి పొడిగింపు ఇస్తే తన ఉద్యోగం ఊడుతుందన్నారు. సాయంత్రం ఆఫీసు మూసేలోగా ఈ మనిషిదే ఫొటో తేకపోతే రైలు టిక్కెట్టు చూసుకోమన్నారు.

రిక్షాలో బెంజమిన్ గారు ఆ ఫొటోని చాలాసేపు చూశారు. నేను సీటు మీద నిప్పులున్నట్టు అటూ ఇటూ జరుగుతున్నాను. చివరికి వచ్చీరాని ఇంగ్లీషులో, "కొంచెం బాగుచేశాను సార్," అన్నాను.

"ఏం పాడైందని?"

అప్పుడాయన వాళ్ళమ్మ గురించి చెప్పారు. ఆవిడ పరాయి ఇళ్ళలో బట్టలు ఉతికి పిల్లల్ని పెంచింది. ఆవిడకి ఉన్నది ఒక్కటే ఫొటో. వాళ్ళ ఊరి స్టూడియో అతను కూడా మర్యాదస్తుడే, తెల్లగా చేసిచ్చాడు.

"అమ్మ పోయాక ఆ ఒక్కటే మిగిలింది. అందులో అమ్మ లేదు. ఆ రంగు మళ్ళీ పట్టుకోవాలనే కుంచె పట్టాను. చేత కాలేదు. కెమెరా పట్టాను," అన్నారు.

తిట్టి ఉంటే బాగుండేది. రిక్షా ఆగకముందే దూకి స్టూడియోలోకి పరిగెత్తాను. నా అదృష్టం, ఆ రంగు నీళ్ళలో పోతుంది. కడిగాను. నెగెటివ్ ఆరేదాకా దాన్ని ఫ్యాను కింద పట్టుకుని గుండ్రంగా తిరిగాను. ఈసారి ప్రింటులో ఉన్న మనిషి ఉన్నట్టు వచ్చారు. నిజం చెప్పొద్దూ, నా పూతలన్నిటికంటే బాగున్నారు.

బంట్రోతు తలుపులు వేస్తుండగా చేరాం. గుమాస్తా గారు ఫొటోనీ మనిషినీ మార్చి మార్చి చూసి, "ఇదీ ఫొటో అంటే," అని స్టాంపు వేశారు. పాస్‌పోర్టు మాత్రం చేతిలోనే ఉంచుకుని, నన్ను వరండాలోకి రమ్మని సైగ చేశారు.

ఆయన అటూ ఇటూ చూసి, జేబులోంచి తన ఫొటోనీ, దాని నెగెటివ్‌నీ తీశారు. గొంతు తగ్గించారు.

"ఇందాకటి దొరని ఎవరు తయారుచేశారోగానీ, భలే పనివాడయ్యా. నన్ను కూడా అలా చేయించి పెట్టగలవా?"

పాస్‌పోర్టు ఆయన చేతిలో ఉండగా కాదనడం ఎలా? ఒప్పుకున్నాను.

ఆయన పని పూర్తిచేసి, కుంచె కడిగి, నిలబడి చెయ్యి చాచి గంభీరంగా ప్రమాణం చేశాను: ఇక ఈ జన్మలో ఎవరి మొహాన్నీ బాగుచెయ్యను. ఆ మాట మీదే ఉన్నాను. నా చేత పూత వేయించుకున్న ఆఖరి మనిషి గుమాస్తా గారే. ఆయనకి ఎన్ని పూతలు పడ్డాయంటే, ఆ ఫొటో పట్టుకుని ఆఫీసుకి వెళితే ముందు ఆయన్నే పర్మిట్ చూపించమని అడుగుతారు.