నాడెలో కంప్యూటర్

మా నాయన మగ్గం మీద కూర్చుని విసుక్కోవడం నేనెన్నడూ చూడలేదు. తన వంతు కోపం కూడా నాకే ఇచ్చేశాడని అమ్మ అంటుంది. అలాంటి మనిషి పోయిన ఎండాకాలం, నేస్తున్న జంపఖానాను జానెడు మేర విప్పేసి, గళ్ల కాగితం మడిచి పక్కన పెట్టేశాడు. కంటి ఆపరేషన్ అయ్యాక దూరం బాగానే కనిపిస్తోంది. డిజైన్ కాగితం మీది చిన్న గళ్లు మాత్రం ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. ఒక్క గడి తప్పితే పువ్వు రెక్క పక్కకు పోతుంది. "ఇదొక్కటి కోసినంక మగ్గం ఇడిసిపెడుత బిడ్డా" అన్నాడు, ఇంకాస్త చారు పొయ్యమన్నంత మామూలుగా.

నాకు ఒళ్లు మండింది. యాభై ఏళ్ల చేతి పని గళ్ల కాగితం ముందు ఓడిపోవడమేమిటి? హన్మకొండలో ఒక కాలేజీ ల్యాబులో పని చేస్తాను నేను. నా డ్రాయర్లో చిన్న బోర్డు కంప్యూటర్ ఒకటి పడి ఉంది. అగ్గిపెట్టె కంటే కాస్త పొడుగు, బిస్కెట్టంత పలచన. ఏదో చేద్దామని కొని రెండేళ్లు ముట్టలేదు. దాంట్లోకి నాయన డిజైన్ ఎక్కించి, వరుసకు వరుస టీవీలో అరచేతులంత గళ్లుగా చూపించాలనుకున్నాను. మగ్గం పక్కన కాలింగ్ బెల్ స్విచ్ పెడతాను, నొక్కితే తర్వాతి వరుస వస్తుంది. టీవీ అమ్మది. సీరియల్ వేళకు మగ్గం ఆగాలన్న షరతు మీద ఇచ్చింది.

చిక్కు కరెంటు దగ్గర వచ్చింది. మగ్గం గదిలో రెండే ప్లగ్గులు, ఒకటి ఫ్యానుది, ఒకటి టీవీది. బోర్డు నుంచి టీవీకి బొమ్మ తీసుకెళ్లే కేబుల్ గట్టిగానే పట్టింది. టీవీకున్న యూఎస్‌బీ రంధ్రం నుంచి కరెంటు కోసం ఇంకో కేబుల్ వేస్తే, మగ్గం దెబ్బకు గోడ అదిరి బోర్డు వైపు పిన్ను ఊడిపోతోంది. అందుకే బోర్డుకే నేరుగా ఒక యూఎస్‌బీ పిన్ను అతికించి, పెన్‌డ్రైవ్‌లా టీవీకి గుచ్చేద్దామనుకున్నాను. కొత్త డిజైన్ ఎక్కించాలంటే అదే పిన్ను లాప్‌టాప్‌కు గుచ్చితే సరి.

ఆదివారం పొద్దున్నే కూర్చున్నాను. బోర్డు వెనక వైపు, ఆవగింజలంత నాలుగు వెండి చుక్కలున్నాయి. ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, నలుపు తీగలు ఒక్కో చుక్కకు ఒక్కటి. తప్పు పోకుండా నాయన గళ్ల కాగితం ఒకటి తీసుకుని, నెట్‌లో దొరికిన పటం చూసి స్కెచ్ పెన్నులతో పెద్దగా బోర్డు బొమ్మ గీసుకున్నాను. దాన్ని చూస్తూ తీగలు అతికించాను. వేలు రెండుసార్లు కాలింది. లాప్‌టాప్‌కు గుచ్చితే, ఈ వస్తువు కరెంటు మరీ ఎక్కువ లాగుతోంది, ఆపేస్తున్నానని తెర మీద రాసి మూసుకుంది. ఊడదీసి మళ్లీ అతికించాను. మళ్లీ అదే మాట. పిన్ను అమ్మిన కొట్టు వాడిని తిట్టాను, పిన్నును తిట్టాను, చివరికి ఫ్యాను తిరుగుతున్నందుకు ఫ్యాన్‌ను తిట్టాను. అత్త మీది కోపం దుత్త మీద చూపడంలో నన్ను మించినవాళ్లు మా వాడలో లేరు. నీది ఎప్పుడూ ఆరంభశూరత్వమేనని అమ్మ వంటింట్లోంచే తేల్చేసింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. బోర్డు పోయినందుకు కాదు, మగ్గం పోతుందని.

నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. కాగితాన్ని ఒక చేత్తో, బోర్డును ఒక చేత్తో దూరంగా పట్టుకుని చూశాడు. గళ్లు కనిపించకపోయినా రంగులు కనిపిస్తాయి ఆయనకు.

"ఇది ఏ దిక్కు నుంచి సూసి గీసినవ్?"

పై దిక్కు నుంచి అన్నాను, ఇప్పుడెందుకివన్నీ అన్నట్టుగా.

"అతికిచ్చింది?"

"వెనక దిక్కు."

"మరి రెండిట్ల ఎర్రది ఎడమకే ఉంది గద."

నాకు వెంటనే తలకెక్కలేదు. ఆయన గోడకు ఆనించిన జంపఖానా చుట్టలోంచి ఒక కొస లాగి, తిరగేసి చూపించాడు. "బొమ్మ రెండు దిక్కుల ఒక్కతీరే ఉంటది. గని తిరగేస్తే ఎడమ అంచు కుడికి పోతది బిడ్డా."

మా ఇంట్లో జంపఖానాకు ముందూ వెనకా అంటూ లేవు. రెండు వైపులా అదే పువ్వు, అదే రంగు, ఎటు పరిచినా చెల్లుతుంది. చిన్నప్పటి నుంచి వాటి మీదే దొర్లిన నాకు, వస్తువును తిరగేస్తే లెక్క కూడా తిరుగుతుందన్న ఆలోచనే రాలేదు. బోర్డును కూడా జంపఖానా అనుకున్నాను. నాలుగు తీగలూ తారుమారు.

ఊడదీసి సరిగ్గా అతికించాను. లాప్‌టాప్ ఈసారి నోరెత్తలేదు. నా అదృష్టం, బోర్డు మాడలేదు. అది వెలగడం కంటే నాకు ఎక్కువ సంతోషమిచ్చింది ఇంకొకటి. కళ్లు పనికిరావని మగ్గం వదిలేస్తానన్న మనిషే, కళ్లద్దాల్లేని నేను పొద్దుటి నుంచీ చూడలేనిది పట్టుకున్నాడు. ఆ మాట ఆయనతో అనేశాను కూడా. నవ్వి, జంపఖానా చుట్టను మళ్లీ గోడకు ఆనించాడు.

ఇక మగ్గం గదిలో ఎగిరే నూగు తీగల మీద పడకుండా బోర్డుకు పెట్టె కావాలి. సబ్బు పెట్టె పెద్దదైంది. పడుగు దారాల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడె, విరిగిన పాతది, నాయన అటక మీంచి దించాడు. నూలు కండె కూర్చునే గాడి పొడవుకు సరిపోయింది, వెడల్పు చాలలేదు. రెండు రోజులు తీరిక దొరికినప్పుడల్లా ఉలితో చెక్కి, బోర్డును అందులో పడుకోబెట్టి, పైన పలచని చెక్క మూత బిగించాడు. ఒక కొసన యూఎస్‌బీ పిన్ను బయటికి తొంగి చూస్తుంది, పక్కన మిగతా తీగలకు చిన్న కంత. నేను ఇంకో తప్పు చెయ్యకుండా ఎడమ అంచుకు ఎర్ర నూలు చుట్టాడు.

టీవీలో గళ్లు చూసుకుంటూ నేసిన ఆ జంపఖానా వానలు పడే వేళకు పూర్తయింది. కోసిన రోజు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి మగ్గం విప్పేసి ఉంటుందేమోనని గుబులుగానే చెప్పులు విడిచాను. మగ్గానికి కొత్త పడుగు ఎక్కించి ఉంది. నాయన టీవీ ముందు నాడె పట్టుకుని నిలబడి, ఏ దిక్కు గుచ్చాలో నన్ను అడగకుండానే, ఎర్ర నూలు చూసుకుని గుచ్చుతున్నాడు.